ఆపమన్న కేక

మిసిసిపీలో ఆసుపత్రి వరండా. పొద్దున నదిలో సైనిక పడవల మీద కాల్పుల సాధన జరిగింది. గిడ్రీ, హాస్కెల్‌లవి ఒకే పడవలో పక్కపక్క తుపాకులు.

"ప్రెస్కాట్‌ని ఇంకా బయటికి తేలేదేంటి గిడ్రీ అన్నా?"

"ఇటు తిరిగి మాట్లాడు హాస్కెల్."

"ప్రెస్కాట్ సంగతన్నా! ఇంకా ఆపరేషన్ గదిలోనేనా?"

"లోపలే. కాలు ఉంటుందో తీసేస్తారో చెప్పలేమన్నారు. వాళ్ళావిడ బయల్దేరిందట."

"దేవుడా! ఆవిడ మొహం ఎలా చూడను?"

"కూర్చో ముందు. అలా తిరక్కు."

"ఎలా కూర్చోమంటావ్? మొన్న ఆదివారం వాళ్ళింట్లోనే కదా రొయ్యలు ఉడకబెట్టుకు తిన్నాం. వాణ్ణే కాల్చాం."

"గుండ్లకి అడ్డంగా పడవ తెస్తాడని ఎవడు కలగన్నాడు?"

"కెప్టెన్ చూశాడుగా! ఆపండి, ఆపండి అని గొంతు పోయేలా అరిచాడట. రేపు విచారణలో అదే అడుగుతారు, ఎందుకు ఆపలేదని."

"చెవిలో పెట్టుకున్న రేడియో పాడైందందాం."

"ఇద్దరివీ ఒకేసారా? ఎవడు నమ్ముతాడు?"

"మరేం చెప్పమంటావ్?"

"నీకో మాట చెప్పాలన్నా. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

"చెప్పి చావు."

"నాకు వినబడదు. ఆ తుపాకీ ఆరు గొట్టాలూ గిర్రున తిరగడం మొదలెట్టాయా, ఇక పక్కన నిలబడి కేకలేసినా తెలీదు. ఏడాదైంది."

"ఏడాదా! మొన్న చెవుల పరీక్ష పాసయ్యావు కదరా!"

"కూత వినబడితే బొత్తాం నొక్కాలి కదా, పక్క కుర్చీవాడు నొక్కినప్పుడల్లా నేనూ నొక్కాను."

"నోర్ముయ్. ఎవరన్నా వింటారు."

"విననీ! పడవ మీంచి దింపేస్తారని భయమేసింది. నాకింకే పని వచ్చన్నా? ఈ తుపాకీ తప్ప ఏం చేతనవును?"

"మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావ్?"

"నీ తుపాకీని చూసి."

"ఏంటి?"

"నీ తుపాకీని చూసి అన్నా! నీది ఆగితే నేనూ ఆపేవాణ్ణి. ఎలాగో గండం గడిచింది. ఇవాళ నీది ఆగలేదు, నేనూ ఆపలేదు. రెండూ కలిసి క్షణానికి వంద గుండ్లు, అన్నీ వాడి పడవ మీదికే. తప్పు నాదే, రేపు ఒప్పేసుకుంటాను. కానీ నీకేమైందన్నా? కెప్టెన్ అరుస్తుంటే నువ్వెందుకు ఆపలేదు?"

"వదిలెయ్‌రా."

"వదలను. కేక విని కూడా ఎందుకు ఆపలేదు? నా మొహం చూసి చెప్పు!"

"నేనూ నీ తుపాకీ ఎప్పుడాగుతుందా అని చూస్తున్నానురా."