ముందు నా తప్పు చెబుతాను

"బావగారూ, ఒక్క మాట అడుగుతాను. నసక్కుండా చెప్పండి."

"ఎప్పుడూ లేనిది ఈ గారు ఏమిటి, ఈ అండి ఏమిటి? ముందు కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని నిండా గ్రీజు."

అక్క మొగుడి షెడ్డులోకి అడుగు పెట్టేసరికే ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. అణు విద్యుత్ కేంద్రంలో క్రేన్ల మరమ్మతు ఆయన కాంట్రాక్టు, కంప్యూటర్ల తీగల పని ఆమె కాంట్రాక్టు. ఇన్నేళ్ళలో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది లేదు. ఇవాళ పెరిగింది.

"కూర్చోడానికి రాలేదు. మన గ్రూపులో అనుకున్న మాట బయటికి మోసింది మీరేనా?"

"ఏ మాట?"

"ఏ మాటో మీకు తెలుసు."

"గ్రూపులో సవాలక్ష అనుకుంటాం. టీ తెప్పించనా?"

"టీ వద్దు, ఏమీ వద్దు. పొద్దున్న గేటు దగ్గర నా మనుషులు కార్డు పెడితే ఎర్ర లైటు. ఒకడికి కాదు, అందరికీ. పెయింటర్లు పోతున్నారు, మేస్త్రీలు పోతున్నారు, ఊడ్చేవాళ్ళు పోతున్నారు. మావాళ్ళు మాత్రం గోడవార నిలబడి చూస్తున్నారు. సెక్యూరిటీ ఆఫీసరు దగ్గరికి పోతే కూర్చోమని కూడా అనలేదు. పంపుహౌసులో కంప్యూటరుకి మీరు బయటి నెట్ తగిలించారని తెలిసింది, విచారణ అయ్యేదాకా మీవాళ్ళు లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు, కాంట్రాక్టు ఉంచాలో తీసేయాలో సాయంత్రానికి తేలుస్తాం అన్నాడు. ఎవరు చెప్పారండీ అంటే, అది మాత్రం అడక్కండి అన్నాడు. ఆ మాట నేను ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట అన్నాను బావా. మన గ్రూపు కూర్చునే గదిలో."

"హమ్మయ్య, మళ్ళీ బావనయ్యాను."

"మాట తప్పించకు."

"తప్పించడం కాదు. ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నానా? పెయింటింగాయన ఉన్నాడు. పరంజాలు కట్టే ఆయన ఉన్నాడు. గేటు కార్డులు చేసే ఆవిడ ఉంది. వాళ్ళని అడిగావా?"

"అడిగే వస్తున్నాను. పెయింటింగాయన నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు. కార్డులావిడ బిడ్డల మీద ఒట్టు పెట్టింది. పరంజాల ఆయన సంగతైతే చెప్పక్కర్లేదు, నా తప్పు కూడా చెప్పేశారేమోనమ్మా అని వణికిపోయాడు. వాళ్ళలో ఒక్కరు కూడా ఏ మాట అని అడగలేదు. నువ్వొక్కడివే అడిగావు. చెప్పు."

"ఏం చెప్పను?"

"నువ్వు కాదని చెప్పు బావా. వెళ్ళిపోతాను. మళ్ళీ ఎత్తను."

"గొంతు తగ్గించు. మీ అక్క వెనక గదిలో ఉంది."

"విననీ. దానికీ తెలియనీ."

"నేనే."

"నువ్వే."

"నేనే చెప్పాను. ఇంకేమంటావో అను, పడతాను."

అనడానికి దారి పొడుగునా ఎన్నో మాటలు కూడబెట్టుకుని వచ్చింది. తీరా ఆయన ఒప్పేసుకునేసరికి ఆ గ్రీజు స్టూలు మీదే కూలబడింది.

"తడిగుడ్డతో గొంతు కోశావు కదా బావా. బయటివాడు చేస్తే ఇంత ఏడుపు రాదు."

"చీర పాడవుతుంది, లే."

"పోతే పోయింది. ఆ గ్రూపు పెట్టడానికి నేను ఎన్ని గడపలు ఎక్కి దిగానో నీకు తెలియదా? పెద్ద కంపెనీలకి ఓ పది మంది కూర్చుని జాగ్రత్తలు చెప్పేవాళ్ళుంటారు. మన చిన్నవాళ్ళకెవరున్నారు? ఒకడు మిషను కంప్యూటరుకి ఫోను పెట్టి చార్జింగ్ చేసుకుంటాడు. ఒకడు తన కార్డు ఇంకొకడికిచ్చి పంపుతాడు. తెలిస్తే కాంట్రాక్టు పోతుందని గుట్టు చప్పుడు కాకుండా కూర్చుంటాడు, రేపు ఇంకొకడు అదే తప్పు చేస్తాడు. అది మామూలు కార్ఖానా అయితే ఏదోలే అనుకుంటాం. అక్కడున్నదేమిటో నీకు నేను చెప్పాలా? అందుకే అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, తప్పులు నలుగురం చెప్పుకుందాం, పేర్లు బయటికి పోవు అన్నాను. ఆ ఆఫీసరు చేత కూడా, గదిలో మాట మేం అడగం అనిపించాను."

"అవన్నీ నేను కాదన్నానా?"

"మొదట్లో ఏమైంది? వచ్చారు, ఫోన్లు గుమ్మం దగ్గర బకెట్లో పడేశారు, బిస్కెట్లు తిన్నారు, వెళ్ళారు. ఒక్కడు నోరు మెదిపితేనా? అప్పుడు పిలిచినవాళ్ళే ముందు తమ తప్పు చెప్పాలి, అప్పుడే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది అని రూలు పెట్టిందెవరు?"

"నేనే."

"నువ్వే. పైగా నా పక్కనే కూర్చుని, చెప్పు అమ్మాయ్, మేమంతా నీవాళ్ళమే అన్నావు. చెప్పాను. పంపుహౌసులో మీటర్లు చూసే కంప్యూటరుకి, పదే పదే లోపలికి రాలేక, నెట్ డబ్బా ఒకటి తగిలించి ఇంటి నుంచి చూశాను, తర్వాత భయమేసి తీసేశాను అన్నాను. ఆ తర్వాతే కదా అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. నువ్వు కూడా, మా కుర్రాళ్ళందరికీ నా పాస్‌వర్డే ఇచ్చేశాను అని అప్పుడే కక్కావు. నీ మాట నేను ఎవరికైనా చెప్పానా? అక్కకి కూడా చెప్పలేదు."

"చెప్పలేదు. నువ్వు చెప్పవు."

"మరి నువ్వెలా చెప్పావు?"

"నువ్వు తీసేశానన్నావు."

"అయితే?"

"తీసేశానని అందరి ముందూ చెప్పావు. మేం నమ్మాం. కడుపులో పెట్టుకున్నాం. మోసపోయానంటున్నావు కదా, మోసపోయింది నేను కూడానమ్మా."

"నాకు అర్థం కావట్లేదు."

"వదిలెయ్. ఆఫీసరు నోరెత్తొద్దన్నాడు."

"నా కాంట్రాక్టు పోతుంటే నోరెత్తొద్దన్నాడా? సరే బావా, ఆయనతో నీకేం ఒప్పందమో నాకొద్దు. నాకొక్క ఉపకారం చెయ్. ఇప్పుడు నాతో వచ్చి, ఈమె నోటితో అనగా విన్నానంతే, అంతకు మించి నాకేమీ తెలియదు అని చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు?"

"నిజం చెబుతాను."

"ఏ నిజం?"

"అక్కడ డబ్బా లేదు బావా. ఎప్పుడూ లేదు. ఆ కథ ఉత్తది."

"ఏంటీ?"

"ఉత్తది. నా పనిలో అప్పటికి చెప్పుకోదగ్గ తప్పు ఏదీ లేదు. నువ్వేమో ముందు నువ్వే చెప్పాలి అని కూర్చున్నావు. నాకే తప్పూ లేదు అంటే, ఈవిడ మనల్ని తప్పులు చెప్పించి పట్టించడానికి పిలిచింది అనుకోరూ? అందుకని అల్లిన తప్పొకటి చెప్పాను. మీ అందరికీ నోరు రావాలనే చెప్పాను. అది తప్పే, కాదనను. కానీ పంపుహౌసుకి నేను చేసిన ద్రోహం ఏమీ లేదు. ఆ ఆఫీసరు పోయి వెతుక్కుంటే గాలి తప్ప ఏమీ దొరకదు. ఏమిటా చూపు? తిట్టాలనుంటే తిట్టు."

"ఇంకోసారి చెప్పు."

"ఏది?"

"డబ్బా లేదన్నావే, అది."

"లేదు. ఎవరి మీద ఒట్టు పెట్టమంటే వాళ్ళ మీద పెడతాను."

"ఒట్లు వద్దు. నేను చూశానమ్మా."

"ఏం చూశావు?"

"పంపుహౌసులో మా క్రేన్ ఉందిగా. చక్రం అరుస్తోందంటే పై నడవ ఎక్కాను. కింద నుంచి చూస్తే ఆ కంప్యూటర్ల బీరువాల ముఖాలే కనిపిస్తాయి. పై నుంచి నెత్తులు కనిపిస్తాయి. నువ్వు చెప్పిన కథ గుర్తొచ్చి ఊరికే అటు చూశాను. నల్ల డబ్బా, ఆకుపచ్చ లైటు, మిణుకు మిణుకుమంటోంది."

"అది ఇంకేదో అయ్యుంటుంది."

"నేనూ అలాగే అనుకుని దిగొచ్చి నిచ్చెన వేసుకుని చూశాను. బజార్లో అమ్మే నెట్ డబ్బాయే, సిమ్ పెట్టేది. దాని తీగ బీరువాలోకి పోయింది. లోపలి కంప్యూటర్లకి బయటి నెట్ గాలి కూడా తగలకూడదని మాకు చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది నువ్వే. అలాంటిది నువ్వే పెట్టి, తీసేశానని అబద్ధమాడి, ఇంకా వాడుకుంటున్నావనుకున్నాను. ఎంత బాధపడ్డానో నాకు తెలుసు."

"నన్నడగొచ్చు కదా బావా. నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"అడగలేదా? వెంటనే నీకు ఫోన్ చేశాను. నీ తమ్ముడు, చిన్నోడు తీశాడు. అక్క పనిలో ఉంది అన్నాడు. ఒరేయ్, పంపుహౌసు సంగతి, అర్జెంటుగా నాతో మాట్లాడమన్నానని చెప్పు అన్నాను. మర్నాటి దాకా చూశాను. నీ ఫోన్ రాలేదు. దొరికిపోయి మొహం చాటేస్తున్నావనుకున్నాను."

"నాకు చెప్పలేదే వాడు. మర్చిపోయుంటాడు. వాడి మతిమరుపు నీకు తెలుసుగా."

"అంత మతిమరుపు మనిషి చేతిలోనా సైటు పెట్టావు?"

"తమ్ముణ్ణి ఎందుకంటావు ఇప్పుడు? అమ్మ పోయాక నా చేతి ముద్ద తిని పెరిగినవాడు. పొద్దున్న గేటు దగ్గర వాడి మొహం చూడాల్సింది, పాలిపోయింది. ఇదంతా బావ పనే అక్కా, పోయి గట్టిగా అడుగు అని నన్నిక్కడికి తోలింది వాడే."

"నన్ను గట్టిగా అడగమన్నాడా?"

"అన్నాడు. నేనే నమ్మలేదు, బావ అలాంటివాడు కాదురా అన్నాను. సరే, అది కాదు. ఆ డబ్బా ఎవరు పెట్టారు? నా కథ విన్నవాళ్ళెవరో నన్ను ఇరికించడానికి తెచ్చి పెట్టారు. అంతే అయ్యుంటుంది."

"దాని మీద వేలు మందాన దుమ్ముంది. ఆ గదిలో నువ్వు నోరు విప్పక ముందు నుంచీ ఉన్నదే అది. మాకెవరికీ ఆ బీరువాల దరిదాపులకి పోయే పని లేదు."

"మా వాళ్ళెవరూ అలాంటి పని చేయరు."

"పోనీ, ఇది చెప్పు. ఆ రోజు నువ్వు ఎక్కడ పెట్టానన్నావు?"

"మూడో బీరువా నెత్తిన, వెనకపక్క, ఫ్యాను జాలీకి ఆనించి."

"అక్కడే ఉంది. సరిగ్గా అక్కడే. మూడో బీరువా, వెనకపక్క, జాలీకి ఆనించి. ఉత్త కథకి బీరువా ఏదో ఎలా తెలిసింది అమ్మాయ్? ఇదిగో, మంచినీళ్ళు తాగి చెప్పు."

"అల్లింది నేను కాదు బావా."

"ఇప్పుడేగా అల్లానన్నావు."

"అల్లిన తప్పు చెప్పానన్నాను. నాకు అబద్ధమాడడం ఎక్కడ చేతనవును, అక్కనడుగు. మీటింగుకి ముందురోజు భోజనాల దగ్గర, చిన్నోడా, రేపు చెప్పడానికి నాకొక తప్పు కావాలిరా, మరీ చిన్నది కాకూడదు, మరీ కొంప మునిగేదీ కాకూడదు అన్నాను. నవ్వుతూనే అన్నాను."

"చిన్నోణ్ణి అడిగావా?"

"పంపుహౌసు చూసేది వాడేగా. నలుగురూ నమ్మేలా చెబుతాడనుకున్నాను."

"ఏమన్నాడు?"

"కంచంలోంచి తలెత్తలేదు. నెట్ డబ్బా అన్నాడు. మూడో బీరువా అన్నాడు. ఆఖర్న, తీసేశానని మాత్రం తప్పకుండా చెప్పు అక్కా అన్నాడు. ఎంత తెలివిగా అల్లాడో నా తమ్ముడు అని మురిసిపోయి ఇంకో గరిటె అన్నం వడ్డించాను. అడిగీ అడగ్గానే చెప్పాడు బావా. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు."