విఠోబా మెడల వీణె

ఏందే సహజా, ఫోన్ల గంతగనం ఏం చూస్తున్నవ్? మన గుడి సప్తనా? జెర ఇటు చూపియ్యి. ఆఁ, గీ పిలగాడు రాజన్న మనుమడు గద, వీణె మెడల ఏసుకొని నిలవడ్డడు. వాయిస్తలేడేంది అంటవా? అది కచేరి చేసెటందుకు గాదు బిడ్డా. ఊకె తీగె మీటుకుంట నామం చెప్పుకుంట నిలవడుడే. సప్త అంటే ఏడు దినాలు పొద్దు మాపు నామం ఆగొద్దు, గా వీణె భూమికి తాకొద్దు. ఒకలు అలసితె ఇంకొకలు మెడల ఏసుకోవాలె. మరాఠోళ్ళ దిక్కు నుంచి వచ్చిన పద్ధతంటరు. దెగ్లూరు మనకు ఎంత దూరం గనుక. ఒక్కసారి మాత్రం గా వీణె ఏ మనిషి మెడల లేకుంట అయ్యింది. మీ నాయన చెప్పలేదా? వాడేం చెప్తడు, వాడు అప్పటికి పుట్టనే లేదు.

చంద్రయ్య బావ అని ఉండె. మా ఎనుక ఇల్లే. వాళ్ళ అవ్వ లస్మవ్వ నాకు అత్త వరుస, గందుకే బావ అని పిలుస్తుంటి. గంజ్ల హమాలి పని. వడ్ల సంచులు మోసి మోసి మెడ మీద ఇంత కాయ కాసి ఉండె. ఎక్కువ మాట్లాడేటోడు గాదు. సప్త వచ్చిందంటే పని బంద్ పెట్టి గుడి కాడనే ఉండేటోడు, నీళ్ళు మోసేటోడు, వంటకు కట్టెలు కొట్టేటోడు, వాకిలి ఊడ్చేటోడు. గని వీణె మాత్రం ఎవ్వలు ఇయ్యకపోయిరి. గుడి పెద్దమనిషి ఎంకట్రావు పటేల్. ఆయనను అడిగితె, "చూద్దాం తియ్యి చంద్రయ్యా, వచ్చే ఏడు" అనేటోడు. ప్రతి ఏడు గదే మాట. గొంతు జెర ముక్కుల నుంచి వచ్చేది ఆయనకు, "వచ్చే ఏఁడు" అని. మేం ఆడోళ్ళం చాటుకు గట్లనే అనుకుంట నవ్వుతుంటిమి. లస్మత్తకు నవ్వు వచ్చేది గాదు. ఆమెకు దమ్ము బీమారి, నాలుగడుగులు ఏస్తె కూసోవాలె. ఒకనాడు కట్టె పట్టుకొని పోయి పటేల్ ఇంటి గల్మల, గడప కాడనే కూసున్నది. "నా పాణం పోకముందు నా కొడుకు మెడల వీణె చూడాలె పటేలా. చూపించి పంపు" అన్నది. పటేల్ కోడలు బువ్వకు పిలిచినా లేవలేదంట. ఆఖరికి పటేల్ ఒప్పుకున్నడు. పగటీలి, ఎవ్వలు రాని ఎండ యాల ఇచ్చిండు. ఇచ్చుకుంట ఒక మాట అన్నడు, "మధ్యల ఇడిచిపెడితె ఊరికి అరిష్టం. గట్లయితె మల్ల నువ్వు గుడి మెట్టు ఎక్కే పని లేదు" అని. బావ చేతులు జోడించి సరే అన్నడు.

మొదటి దినం లస్మత్తను వీపు మీద ఏసుకొని తెచ్చి గుడి ముంగట కూసోబెట్టిండు. వీణె ఏసుకున్న కొడుకును చూసి ముసల్ది ఏడ్చుడు ఏంది, నవ్వుడు ఏంది. ఇగ రెండు దినాలు గాలేదు, మంచం పట్టింది. దవాఖానకు పోదామంటే వద్దన్నది. మూడో దినం పగటీలి, బావ గుడిల వీణె ఏసుకొని ఉంటె, నేనే ఆమె కాడ కూసున్న, బీడీలు చుట్టుకుంట. దమ్ము ఒక తీరు గుంజుతుంది, ఆగుతుంది, మల్ల గుంజుతుంది. "బాలవ్వా, వాన్ని పిలువే" అన్నది. చాట పక్కకు పెట్టి ఉరికిన.

గుడిల చూస్తె బావ, బ్రహ్మానందం తాత, ఇద్దరే. చెరుకు నరికే రోజులు, మొగోళ్ళందరు చేన్ల కాడ. బావ తరువాత వంతు రాజన్నది. ఆయన రుద్రూర్ పోయిండు, బస్సు ఇంక రాలే. బ్రహ్మానందం తాతకు పక్షవాతం, ఒక చెయ్యి పని చెయ్యదు. రెండో చేత్తోటి చిరుతలు కొట్టుకుంట, కండ్లు మూసుకొని నామం చెప్తుండు. "బావా, అత్త పిలుస్తుంది, జల్ది రా" అన్న. బావ నన్ను చూసిండు, బస్సు తొవ్వ చూసిండు, తాతను చూసిండు. నేను ఊకోక, "నాకియ్యి, నేను పట్టుకుంట" అన్న. గప్పట్ల ఆడోళ్ళు వీణె ముట్టేది లేదు. "నువ్వు పట్టుకుంటవు బాలవ్వా, నాకెరుకే. రేపు పటేల్ నిన్ను బతకనిస్తడా?" అన్నడు. అని సక్కగ లోపటికి పోయిండు. విఠోబా ఎట్లుంటడు, నడుము మీద రెండు చేతులు పెట్టుకొని నిలవడి ఉంటడు గద. ఆయన మెడల వీణె పట్టి ఏసి, దాన్ని ఆ మోచేతి సందుల ఆనించిండు. "జెరసేపు పట్టుకో సామీ. నిలవడుడు నీకు అలవాటే" అన్నడు. కాళ్ళు మొక్కిండు, ఉరికిండు. ఎండల చెప్పులు సుత ఏసుకోలే. నేను ఆయన ఎనుకనే ఉరికిన.

అలవాటే అంటే ఏందంటవా? పుండలీకుని కథ ఎరుకలేదా నీకు? వాడు అవ్వ నాయన కాళ్ళు ఒత్తుకుంట కూసుంటె దేవుడు గల్మల వచ్చి నిలవడ్డడు, "వచ్చిన బిడ్డా" అనుకుంట. వీడు లేవలే. ఒక ఇటుక పెళ్ళ అటు ఇసిరి, "దాని మీద నిలవడు, నాకు పని ఉన్నది" అన్నడు. దేవుడు నడుము మీద చేతులు పెట్టుకొని నిలవడ్డడు. ఇంకా గట్లనే ఉన్నడు. గీ కథ ప్రతి సప్తల కీర్తనకొచ్చే మారాజ్ చెప్పేది, అందరు వినేది. బావ సుత బయట కట్టెలు కొట్టుకుంట విన్నడు. అందరం విన్నం, చేసింది ఆయన ఒక్కడే. ధైర్యమా, అమాయకమా, నాకు ఇప్పటికి సమజ్ కాదు. ఒక్కోసారి ఇది, ఒక్కోసారి అది అనిపిస్తది.

ఇంటికొస్తే లస్మత్త కండ్లు తెరిచింది. కొడుకు మెడ దిక్కు చూసింది. "వీణె ఎవలకిచ్చినవ్ రా?" అన్నది. "విఠోబాకిచ్చిన అవ్వా." ఇగ తిడుతది అనుకున్న నేను. తిట్టలే. "బరువుంటది గదరా. జల్ది పో" అన్నది. గంతే, మల్ల మాట్లాడలే. బావ పోలే. మంచం మీద కాళ్ళ దిక్కు కూసొని, ఆమె కాళ్ళు ఒళ్ళె పెట్టుకొని ఒత్తుకుంట ఉన్నడు. పొద్దు వాలకముందే పోయింది. బావ కండ్ల నీళ్ళు రాలే. కట్టె కాలేటప్పుడు సుత రాలే.

ఇగ అవ్వ పోయినంక మైల గద, గుడికి పోరాదు, వీణె ముట్టరాదు. అటు రాజన్న బస్సు దిగి వచ్చి చూసి బీరిపోయిండు. పటేల్ వచ్చిండు, ఊరంతా వచ్చిన్రు. వీణె భూమికి తాకలే, నామం ఆగలే, సప్త తప్పిందని అందామంటే అనరాదు. మరి దాన్ని తీసుకునేది ఎట్ల? వీణె చేతులు మారేటప్పుడు ఒక రివాజు ఉన్నది. తీసుకునేటోడు ఇచ్చేటోని కాళ్ళు మొక్కాలె, ఇచ్చేటోడు సుత తీసుకునేటోని కాళ్ళు మొక్కాలె. పెద్ద చిన్న లేదు. ఇప్పుడు ఇచ్చేటోడు దేవుడాయె. "దేవునితోటి కాళ్ళు మొక్కించుకుంటనా, నా వంశం ఏం గావాలె" అని రాజన్న ఎనుకకు జరిగిండు. పటేల్ సుత ముట్టలే, కోపంతోటి ఊగుకుంట నిలవడ్డడు. ఆ రాత్రంతా వంతుకొకలు దేవుని ముంగట నామం చెప్పిన్రు గని వీణె ఆయన మెడలనే ఉన్నది.

తెల్లారి దెగ్లూరు దిక్కు నుంచి మారాజ్ వచ్చిండు, కీర్తన చెప్పేటాయన. అంతా విన్నడు. "ఇచ్చినోడు ఏడి?" అన్నడు. పిలిపిచ్చిన్రు. బావ గుడి దగ్గరికి రాలే, అవుతల బోరింగు కాడ తల కిందికేసుకొని నిలవడ్డడు. ఇగ అయిపోయింది, ఊరంతటి ముంగట బయటికి నూకుతరు అనుకున్న. మారాజ్ మెట్ల మీది నుంచి అడిగిండు, "నువ్వు ఇచ్చేటప్పుడు దేవుని కాళ్ళు మొక్కినవా?" "మొక్కిన మారాజ్." "మరి దేవుడు నీ కాళ్ళు మొక్కిండా?" పటేల్ నోరు తెరిచిండు. బావ చెప్పిండు, "నాకు తెల్వదు మారాజ్. నేను ఎనుకకు తిరిగి చూడలే. అవ్వ కాడికి ఉరికిన."

మారాజ్ మెట్లు దిగిండు. బోరింగు కాడ అంతా బురద. గా తెల్లధోతి తోటి బురదల మోకాళ్ళ మీద కూసొని బావ కాళ్ళు పట్టుకున్నడు. "మొక్కిండో లేదో నాకు సుత తెల్వదు. ఆయన దిక్కు నుంచి నేను మొక్కుతున్న" అన్నడు. బావ "మైల ఉన్న మారాజ్, ముట్టకున్రి" అని ఎనుకకు జరుగుతుండు. ఆయన ఇడువలే. గప్పుడు ఏడ్చిండు చూడు బావ. బురదల కూలవడి, చిన్న పోరగాని తీరు ఏడ్చిండు. "అవ్వ నన్ను జల్ది పొమ్మన్నది మారాజ్. నేనే పోలే. ఆమె ఆఖరి మాట నేను ఇనలే."

మారాజ్ ఆయన తల మీద చెయ్యి పెట్టి, "అవ్వను ఇడిచిపెట్టి ఎట్ల పోతవు రా" అన్నడు.

వీణెనా? మారాజే దేవుని కాళ్ళు మొక్కి తీసి తన మెడల ఏసుకున్నడు. ఇగ చాలు. చాయ్ పొంగుతుంది, పోయి మంట తగ్గియ్యి.