మొదట జిగురు, తరవాత మేకు

వేదిక మీద ఆసీనులైన హెడ్మాస్టరు గారికి, ఈ సాయంత్రంతో పదవీ విరమణ చేస్తున్న మా ఒకటో తరగతి టీచరమ్మ గారికి, ముందు వరసలోని పెద్దలకు, పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్న తోటి తల్లిదండ్రులకు నమస్కారం. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. వడ్రంగివాణ్ణి, ముక్కలకి భయపడను. (నవ్వులు) నా చదువు ఐదో తరగతి, అందులో సగం గోడ దూకడమే.

మా పెద్దది ఈ బళ్ళో చేరిన కొత్తలో, ఇంట్లో పెంకులు ఎగిరిపోయేలా అరిచే పిల్ల, ఇక్కడి ఇంగ్లీషుకి బెదిరి నోరు కుట్టేసినట్టు కూర్చునేది. అదిగో, మా ఆవిడ కళ్ళురుముతోంది. అరుపు ఎవరి పోలికో నేను చెప్పలేదే! (నవ్వులు) టీచరమ్మ ఓ రోజు నన్ను పిలిచి, తరగతిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద కుర్చీ చూపించి, "కూర్చోండి. మీ పని గురించి మీ ఇంటి మాటలోనే చెప్పండి" అన్నారు. వారానికో ఇంటి పెద్దని అలా కూర్చోబెట్టడం ఆవిడ పద్ధతి. విరిగిన స్టూలు కాలు ఎలా అతికిస్తానో చెప్పాను. తరవాత పిల్లలు దాన్ని వచ్చీరాని ఇంగ్లీషులో తిరిగి చెబుతుంటే, ఆవిడ పెద్ద కాగితం మీద వాళ్ళ మాటల్లోనే రాస్తున్నారు. ఒకడు "మొదట మేకు కొట్టాడు" అన్నాడో లేదో, వెనక నుంచి మా పిల్ల లేచి ఇంగ్లీషులో అరిచింది: "కాదు! మొదట జిగురు, తరవాత మేకు!"

బళ్ళో అది మాట్లాడిన మొదటి మాట, తగాదా. (నవ్వులు) ఆ మాట కాగితం మీదికెక్కింది. దాని కింద వేలు పెట్టి, తన మాట తనే చదువుకుంది. తను అన్న మాటే ఎదురుగా కనిపిస్తే ఎవరు మాత్రం చదవకుండా ఉంటారు?

ఇప్పుడు మా చిన్నది ఒకటో తరగతిలో ఉంది. ఇంకా నోరు విప్పలేదు. ఈలోగా టీచరమ్మ వెళ్ళిపోతున్నారు, ఇక తరగతిలో ఇంగ్లీషు తప్ప వినపడకూడదని హెడ్మాస్టరు గారు ఆ కుర్చీని సామాన్ల గదిలో పడేయించారు. నీళ్ళలోకి తోస్తే ఈత వస్తుందనేవాళ్ళు ఒడ్డునే ఉంటారు సార్, తడవరు.

(హెడ్మాస్టరు గారు లేవబోతే) లేవకండి సార్, కూర్చోండి. మీ కింద గుడ్డ కప్పి ఉన్నది ఆ కుర్చీయే. (పెద్దగా నవ్వులు) గది తాళం ఎవరు తీశారని అడక్కండి. వాచ్‌మన్ అన్నా, నేల చూపులు చూడకు, దొరికిపోతావ్! ఊగుతున్న కాలు రాత్రి బిగించాను. ఏది ముందో, ఏది తరవాతో మా పెద్దమ్మాయి పక్కన నిలబడి చూసుకుంది.

నవ్వులాటకి తెచ్చాను గానీ, అడిగేది నవ్వులాటకి కాదు. సోమవారం ఇది తరగతిలో ఉంటుందా సార్?

"ఉంటుందిలేవయ్యా. ముందు నన్ను లేవనీ!"

అందరూ విన్నారుగా! (చప్పట్లు)

టీచరమ్మా, ఇన్నేళ్ళూ మమ్మల్ని కూర్చోబెట్టి మీరు నిలబడ్డారు. రేపటి నుంచి మీరు టీచరు కాదు, మా పిల్లల ఇంటి పెద్ద. సోమవారం ఆ కుర్చీ మీది. మీ అమ్మ మీకు చెప్పిన కథల్లో మా పిల్లలకీ తెలిసినది ఏదైనా చెప్పండి. మా చిన్నది ముందు వరసలో ఉంటుంది. ఎక్కడైనా ఒక్కటి తప్పు చెప్పండి తల్లీ, అది ఊరుకోదు.

విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను సెలవు తీసుకుంటాను. టీచరమ్మా, మీకు మాత్రం ఇవ్వం.