ఇరుసుకు పసుపు

యుద్ధం రోజులు. బెజవాడ తిరనాళ్లలో రంగులరాట్నం పక్కన దాని యజమానీ, దాన్ని నడిపే వడ్రంగీ మాట్లాడుకుంటున్నారు.

"ఇరుసుకి పగులొచ్చిందండీ. ఇవాళ్టికి ఆపేద్దామండీ."

"ఆపితే మళ్లీ తిరిగేదెప్పుడు? ఉన్న ఇనుమంతా యుద్ధానికే పట్టుకుపోతున్నారాయె. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టు. అమ్మవారే చూసుకుంటుంది."

"పొద్దున్నే రాశానండీ. పగులు కనపడకుండా పోయింది, అంతే."

"మరింకేం? గంట కొట్టి జనాన్ని ఎక్కించు."

"చిత్తం."

"అన్నట్టు, సాయంత్రం మా మనవరాళ్లు వస్తారు. రాట్నం చెడిపోయిందని చెప్పి పంపించెయ్. ఎంత ఏడ్చినా ఎక్కించకు."

"ఏమండీ, వాళ్లని అమ్మవారు చూసుకోదా?"

"ముందు గంట కొట్టవోయ్. పిల్లలు ఎండలో నిలబడ్డారు."