నీలం కోటు

పండగ మర్నాడు మధ్యాహ్నం. హోటల్ పై అంతస్తు భోజనశాలలో, అద్దాల గోడ పక్క బల్ల దగ్గర తల్లీకూతుళ్ళు. కింద వీధిలో కాగితపు దీపాలు విప్పి బండికెత్తుతున్నారు.

"వేడిగానే ఉందిగా."

"ఏది?"

"సూపు. పొగలు నేను చూశాను. నువ్వేమో చల్లారిపోయిందని వెనక్కి పంపావు."

"కొంచెం చల్లగా అనిపించిందమ్మా."

"నోట్లో పెట్టుకోకుండానే అనిపించిందా?"

"నెమ్మదిగా మాట్లాడు. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు."

"చూడనీ. మొన్న రొట్టె వెనక్కి, నిన్న గుడ్డు వెనక్కి, ఇవాళ సూపు. మగపెళ్ళివారి పెద్దత్తలా ఇన్ని వంకలు పెట్టడం ఎక్కడ నేర్చుకున్నావు? మా ఇంట్లో మాత్రం కాదు."

"ఆ చేప తినమ్మా. ముల్లు తీసి వడ్డించే వంటవాణ్ణి జన్మలో చూడలేదన్నావుగా."

"మాట మార్చకు. చేప బాగుంది. అదే నా భయం."

"బాగుంటే భయమెందుకు?"

"ఎందుకా? ఉద్యోగంలో చేరి నిన్నగాక మొన్న. అప్పుడే ఆరు దిండ్ల మంచం. మన వంటిల్లంత నీళ్ళ తొట్టి. కిటికీ తీస్తే ఊరంతా దీపాలు. పండగ రోజుల్లో ఈ ఊళ్ళో గది దొరకడం గగనమని కారతను దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. నీకెలా దొరికింది?"

"ముందే చెప్పి ఉంచాను."

"ఎవరికి?"

"హోటల్‌కి."

"హోటల్‌కి మొహం ఉండదుగా. ఎవరికి చెప్పావు?"

"అమ్మా, ఎవరూ లేరు."

"ఎవరున్నారని నేనడిగానా?"

"…నీళ్ళు తాగు."

"తాగుతాను. గాజు గ్లాసు ఎంత పల్చగా ఉందో, పట్టుకోవాలంటే భయమేస్తోంది. ఇదిగో, ఆ సూపబ్బాయి వస్తున్నాడు. చేతిలో ఏదో ఉంది."

"మేడమ్, సూపు మళ్ళీ వేడి చేసి తెస్తున్నారు. ఈలోపు మా హోటల్ తరఫున చిన్న కేకు. పుట్టినరోజు శుభాకాంక్షలు."

"ఎవరి పుట్టినరోజు నాయనా?"

"మీ అమ్మాయిగారిదండి. వచ్చిన రోజే కింద కౌంటర్లో చెప్పారు."

"ఓహో. అవునవును. కన్నదాన్ని, నేనే మర్చిపోయాను చూశావా."

"ఫర్వాలేదండీ అమ్మగారూ, పండగ సందడిలో ఎవరికైనా సహజం."

"మరే. ఊదమ్మా కొవ్వొత్తి. ఊది, ఎన్నేళ్ళు నిండాయో నాక్కూడా చెప్పు."

"థాంక్స్ అండీ. చాలా బాగుంది. మీరు వెళ్ళండి, నేను కోస్తాను."

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"నువ్వు పుట్టింది మండుటెండల్లో. వార్డులో ఫ్యాను తిరక్క అట్టముక్కతో విసురుకుంటూ కన్నాను నిన్ను. ఈ చలిలో ఇంకోసారి ఎవరు కన్నారు?"

"అది… సరదాకి అన్నానమ్మా."

"సరదాకి కేకు కొనుక్కుంటారు. అబద్ధమాడి తెప్పించుకోరు. నేనిది ముట్టను."

"అమ్మా."

"ముట్టను. క్రీము మీద గులాబీ పువ్వు ఎంత ముద్దుగా ఉన్నా ముట్టను. కాఫీ సంగతి చెప్పు."

"ఏ కాఫీ?"

"నిన్న పొద్దున దుప్పటి మీద ఒలికింది. చెయ్యి తగిలిందన్నావు. చెయ్యి తగల్లేదు. కప్పెత్తావు, అటూ ఇటూ చూశావు, మెల్లిగా వంచావు. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. మంచం కింద జడపిన్ను పడేసి ఫోటో తీసుకున్నావు."

"పడిపోయింది."

"పడిపోతే వంగి తీసుకుంటారు. పెళ్ళిలో తీసినట్టు అటునుంచొకటి, ఇటునుంచొకటి ఫోటోలు తియ్యరు. మనింట్లో నీ జడపిన్నులు బాత్రూమ్ గూట్లో తుప్పు పడుతుంటాయి, వాటికెప్పుడూ ఈ భోగం లేదు."

"అమ్మా, మనం సరదాగా తిరగడానికి వచ్చాం. నిన్నటి సంత ఎంత బాగుంది. ఆ సందులో పొయ్యి మీదనుంచి తీసి ఇచ్చిన వేడివేడి మొక్కజొన్న. నువ్వు రెండు తిన్నావు."

"మూడు. బాగున్నవన్నీ నా ముందు పెట్టి నువ్వేం దాస్తున్నావో అది చెప్పు. వార్డులో మా హెడ్డు నర్సమ్మ అంటుండేది, కొందరుంటారట. దర్జాగా దిగుతారు, కమ్మగా తింటారు, చివర్లో సూపులో వెంట్రుక వేసి గొడవ పెట్టుకుని పైసా కట్టకుండా పోతారట."

"ఛ. నన్నలా అనుకుంటున్నావా?"

"అనుకోవాలని ఉందా నాకు? ఇంటి మొత్తానికి చదువుకున్నదానివి నువ్వొక్కదానివి. ‘వార్డులు తుడిచి ఆడపిల్లని అంత చదివించడమెందుకే, చెడిపోతే ఎవరిననుకుంటావు’ అన్నాడు మీ మామయ్య. ఆ మాటకి ఇన్నాళ్ళూ బదులు చెప్పకుండా నిన్ను చూపిస్తూ వచ్చాను. ఇప్పుడు నువ్వు తప్పుదారి పట్టి ఉంటే, ఇక్కడే చెప్పు. సామాను సర్దుకుని, వాళ్ళకి క్షమాపణ చెప్పి పోదాం."

"తప్పుదారేం కాదమ్మా."

"అయితే ఏ దారి?"

"నేనూ ఒకటడుగుతాను. నిన్న సాయంత్రం ఊరేగింపుకి రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నావు."

"ఉంటాయిగా."

"నేను తిరిగొచ్చేసరికి గదిలో లేవు."

"కాస్త గాలికి వెళ్ళాను."

"మోకాళ్ళ నొప్పులతోనా?"

"గాలి పీల్చేది ముక్కుతో కదే."

"వచ్చాక రాత్రి భోజనం కూడా వద్దని పడుకున్నావు. పొద్దున లేస్తే నడుం పట్టుకుని లేచావు."

"ఆ పరుపు మరీ మెత్తన. మునిగిపోతున్నాను. నా సంగతెందుకిప్పుడు? అడిగింది నేను."

"చెప్పకూడదమ్మా. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనని సంతకం పెట్టించుకున్నారు."

"ఎవరు?"

"మా ఆఫీసువాళ్ళు."

"తల్లికి చెప్పకూడని ఉద్యోగం ఉద్యోగమేనా?"

"…కుర్చీ ఇటు జరుపుకో. ఇంకొంచెం. ఇదే నా ఉద్యోగం."

"ఏది? కేకు తినడమా?"

"అతిథిలా వచ్చి, ఎవరికీ తెలియకుండా హోటల్ ఎలా నడుస్తోందో చూడటం. వీళ్ళ యజమానులే మా కంపెనీకి చెప్పి మమ్మల్ని రప్పించుకుంటారు. సూపు వెనక్కి పంపితే విసుక్కుంటారా? పుట్టినరోజంటే గుర్తుపెట్టుకుంటారా? మంచం కింద పిన్ను ఎవరైనా చూస్తారా? మరక పోగొడతారా? అన్నీ చూసి రాయాలి."

"అత్తగారు కిటికీ ఊచ మీద వేలు పెట్టి దుమ్ము చూసినట్టు."

"…అలాగే అనుకో."

"అబద్ధాలాడినందుకు జీతమిస్తారా?"

"చిన్న అబద్ధం ఆడి పెద్ద నిజం కనుక్కుంటాం. నేను ఒక్కదాన్నే చూస్తున్న మొదటి హోటల్ ఇది. సాయంత్రంలోగా అంతా పంపాలి. సరిగ్గా ఉంటేనే ఉద్యోగం ఖాయం చేస్తారు. అందులో ఒక్క ముక్క నిజం కాదని తేలినా ఇంటికే."

"అమ్మయ్య."

"అమ్మయ్య ఏంటమ్మా, నాకు కంగారుగా ఉంటే."

"దొంగతనం కాదుగా. ఆ కేకు ఇటివ్వు. ఆ గులాబీ ఉన్న వైపు."

"ఇంతసేపూ ముట్టనన్నావు."

"ఇప్పుడది నీ పనిలో భాగం కదా. ఊఁ. బాగుంది. అవునూ, నన్నెందుకు తెచ్చావు మరి? ఒంటరిగా వస్తే కనిపెడతారనా?"

"అదీ ఉంది."

"అంటే నేను నీ ముసుగన్నమాట."

"కాదమ్మా. తోడు ఎవరినైనా తెచ్చుకోవచ్చన్నారు. నాతో చేరినవాళ్ళంతా స్నేహితుల్ని తీసుకెళ్తున్నారు. నాకేమో… ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ మంచాలన్నీ నువ్వు సర్దావు. ఒక్కసారి నీ మంచం ఎవరైనా సర్దితే నువ్వు ఊరికే కూర్చుని చూడాలని తెచ్చాను. ఏంటి, చెంచా కింద పెట్టేశావు?"

"ఏంలేదు. క్రీము తీపెక్కువైంది. చూడూ, ఈ హోటల్లో పండగ రోజు ఎవరైనా పని మధ్యలో వదిలి వెళ్తే ఏమవుతుంది?"

"ఆ పూటే తీసేస్తారు. గదులన్నీ నిండి ఉంటాయి కదా."

"సొంత కూతురు మొదటిసారి ఊరేగింపులో ఆడుతుంటే కూడానా?"

"ఎవరి కూతురు?"

"ఊరికే అడిగాను."

"సెలవు ఇవ్వరు. అడిగినా ఇవ్వరు."

"అవును. ఇవ్వరు. నువ్వు పట్టా తీసుకున్న రోజు నాకూ ఇవ్వలేదు. ఫోటోలో చూసుకున్నాను. నల్లగౌనులో నువ్వెక్కడున్నావో వెతుక్కోవలసొచ్చింది."

"ఇప్పుడదెందుకమ్మా."

"గుర్తొచ్చింది."

"సూపు వచ్చింది మేడమ్. ఈసారి జాగ్రత్త, గిన్నె కూడా కాలుతోంది."

"ఇప్పుడు బాగుంది. థాంక్స్."

"అప్పుడూ బాగుంది నాయనా. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"అయ్యో, లేదండీ అమ్మగారూ."

"చూశావా, కసురుకోలేదు. వాడికి మంచి మార్కులెయ్యి."

"వేస్తాను. కానీ ఈ హోటల్లో అందరికంటే ఎక్కువ వేసింది ఇంకొకరికి."

"ముల్లు తీసే వంటవాడికా?"

"కాదు. గదులు సర్దే ఆవిడకి."

"…ఎప్పుడు చూశావు ఆవిణ్ణి?"

"నిన్న సాయంత్రం. ఊరేగింపు నుంచి తిరిగొచ్చి లిఫ్ట్ దిగుతుంటే. ఆ చివర, మన గది దాటాక, ఒకావిడ. నీలం కోటు, తలకి గుడ్డ. నావైపు వీపు. తలుపు పిడి తుడుస్తోంది. తుడిచి, ఒకడుగు వెనక్కి వేసి చూసి, మళ్ళీ తుడిచింది. తర్వాత పక్క తలుపు. కింద ఊరంతా పండగ చేసుకుంటోంది, అక్కడ ఆవిణ్ణి చూసేవాళ్ళు లేరు. అయినా అంత శ్రద్ధ. నేను కదలకుండా నిలబడిపోయాను."

"పలకరించలేదా?"

"కూడదు. చూడటమే మా పని. మలుపు తిరిగి వెళ్ళిపోయింది. గదిలోకొస్తే నా పిన్ను అద్దం దగ్గర, తెల్లకాగితం మడిచి దానిమీద పెట్టి ఉంది. కాఫీ మరక ఆనవాలు లేదు. దుప్పటి మూలలు ఎలా బిగించిందంటే, రూపాయి బిళ్ళ వేస్తే ఎగిరేలా. తక్కిన రెండు రోజులూ మామూలుగానే సర్దారు. నిన్న మాత్రం… నీకూ నచ్చే ఉంటుంది."

"నేనంత గమనించలేదు."

"నువ్వా? పక్కింటివాళ్ళ ముగ్గులో చుక్క తప్పినా గమనిస్తావు."

"ఏం రాశావు ఆవిడ గురించి?"

"ఇలాంటి మనిషిని గదులవాళ్ళందరికీ పెద్దని చెయ్యాలని రాశాను. జీతం పెంచాలని రాశాను. ఒక్క ఆవిడ గురించి పేజీన్నర రాశాను, మా పైఅధికారి ఇంత పొడుగెందుకంటాడేమో."

"పేజీన్నరా?"

"నాకు ఎవరో గుర్తొచ్చారు, అందుకని కాస్త ఎక్కువైంది. కానీ పేరు లేకపోతే ఆ మెప్పు ఎవరికీ చేరదు. నేను వెళ్ళి అడిగితే అనుమానిస్తారు. నువ్వు మొన్న మన గది ఆవిడతో గంటసేపు కబుర్లాడావుగా. ఆవిడేగా నీలం కోటు? పేరేంటి?"

"ఆవిడ పేరా."

"అదే. చెప్పు, ఎక్కిస్తాను."

"చెప్పొచ్చు. చెబితే ఆవిడకి జీతం పెరుగుతుంది. నీకు ఉద్యోగం ఖాయమవుతుంది. పిల్లికి ఎలుక సాక్ష్యమైనట్టు, అడిగేవాళ్ళు కూడా ఉండరు."

"ఏమంటున్నావమ్మా? నాకర్థం కావట్లేదు."

"సూపు దగ్గర్నుంచి నిజం చెప్పు, నిజం చెప్పు అని నీ పీక మీద కూర్చున్నాను. ఇప్పుడు నా పీక మీదకొచ్చింది. ముందు నాకొక మాటివ్వు."

"ఏం మాట?"

"పిల్ల ఆడుతుంటే చూద్దామని వెళ్ళిన తల్లి కడుపు కొట్టనని."

"ఏ తల్లి? నేనెవరి కడుపూ కొట్టడానికి రాలేదమ్మా. మెచ్చుకోవడానికే పేరడుగుతున్నాను."

"మాటివ్వు."

"ఇచ్చాను. సరేనా? ఇదిగో, ఫోన్ తెరిచి పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం ఆ నీలం కోటు వేసుకున్నావిడ పేరు."

"నువ్వు కాలేజీ దరఖాస్తు నింపిన రోజు, తల్లి పేరు అన్నచోట ఏం రాశావో అదే రాయి."