వద్దన్న మాట పక్కన సున్నా

బద్వేలులో ఓబులమ్మ ఇంటి వసారా. ఓబులమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎదురుగా ల్యాప్‌టాప్ ముందు ఆమె కూతురి కూతురు మధులత, కొడుకు కొడుకు హర్షవర్ధన్. కడపలో హర్ష పెట్టిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే మధులతకూ పని. ఆదివారం వాళ్ళిద్దరికీ నిశ్చితార్థం.

“కాదు బావా, ఏసన్న ఫోను చెడిపోలేదు. నీ కోడు చెడిపోయింది.”

“నా కోడా? ఇన్నాళ్ళుగా నడుస్తాండాది, ఒక్కరన్నా నోరెత్తినారా మధూ?”

“కండ్లున్నోళ్ళు యేమెత్తుతారు? బొమ్మ పంపితే బొమ్మ చూసుకుంటారు. ఏసన్నకు చూపు ల్యాదు. ఫోను చదివి వినిపిస్తేనే ఆయనకు తెలిసేది.”

“ఏసన్నకేమైందే పాపా? పొద్దున వాళ్ళ వీధిలోకి అంబులెన్సు వచ్చిందంట. ఈ ఇంట్లో నాకెవరూ ఒక మాట సరిగ్గా చెప్పరు.”

“ఆస్పత్రోళ్ళు ఆయనకు చక్కెర జబ్బు మాత్ర మార్చినారవ్వా. కొత్తది చేతికిచ్చి, పాతది మానెయ్యమనే కబురు మేం చేసిచ్చిన వెబ్‌సైటు నుంచి ఫోనుకు పంపినారు. మాటలుగా పోవాల్సింది బొమ్మగా పోయింది. ఫోను నోరు తెరవల్యా. ఆయన పాతదీ మింగె, కొత్తదీ మింగె. కండ్లు తిరిగి బాయికాడ పడిపోయినాడు.”

“అయ్యో తండ్రీ! బతికుండాడా?”

“ఉండాడు. గ్లూకోసు ఎక్కించినారు, మాట్లాడతాండాడు.”

“అదీ! మాట్లాడతాండాడంట గదా. మరి నన్నెందుకు ఈడ కూచోబెట్టి పీక్కు తింటాండావు? చూసినావా అవ్వా, ఆదివారం నిశ్చితార్థం పెట్టుకోని కాబోయే మొగుని మీద యెట్లా ఎగురుతాండాదో.”

“ఆ మాట ఇప్పుడెందుకు తెస్తావు? ఏసన్న ఫోను యేం అడిగిందో చదువు.”

“నాకు చదివేది వచ్చులే.”

“అయితే చదువు.”

“ఆడియో. టెక్స్టు. ఇమేజి. కడాకు స్టారు, స్లాషు, స్టారు. చాలా?”

“పేర్ల పక్కన సెమికోలన్లు ఉండాయి. వాటి తర్వాత?”

“యేవో అంకెలు.”

“యేవో అంకెలా! అవ్వా, ఫోను మా సర్వరును యేమన్నా అడగల్లంటే ముందు ఒక వరుస పంపుతాది. నాకు ఫలానాది కావల్ల, అది ల్యాకుంటే ఇంకోటి, అని. పక్కనే అంకె పెడతాది, ఎంత కావల్లో తెలిసేదానికి. ఆడియోకు ఒకటి పెట్టింది. టెక్స్టుకు దానికన్నా తక్కువ. కడాకు స్టారు పెట్టింది, యేదైనా సరే అని…”

“అవ్వకెందుకు మధూ ఇదంతా? ఆమెకు అర్థమైతాదా?”

“నాకెందుకు అర్థం కాదురా? మా సుబ్బయ్య మామ అన్నానికి వస్తే అట్లే చెప్తాండె. సంగటి ఉంటే సంగటి పెట్టుమ్మా, ల్యాకుంటే కొర్రన్నం, అదీ ల్యాకుంటే యేదైనా సరే అని. వంకాయ మాత్రం వద్దంటాండె. అది తింటే ఆయప్పకు ఒళ్ళంతా దద్దుర్లు. మా పెండ్లి బంతిలో ఎవురో తెలీక ఇంత వంకాయ వడ్డిస్తే, పెద్దోళ్ళ ముందర గీరుకోలేక, లేచిపోలేక, ఆయప్ప పడిన అవస్థ…”

“అదే, అదేనవ్వా! వంకాయ పక్కన సున్నా. ఏసన్న ఫోను గూడా ఇమేజి పక్కన సున్నా పెట్టింది. సున్నా అంటే కొంచెం ఇష్టమని కాదు. వద్దే వద్దని.”

“మరి కడాకు స్టారు పెట్టింది గదా మధూ? యేదైనా సరే అని అదే చెప్తాండాది. యేదైనా అంటే ఇమేజి గూడా యేదైనానే.”

“పేరు పెట్టి వద్దన్నాక అది యేదైనాలోకి రాదు బావా. పని నేర్చుకునేటోళ్ళకు మొదట్లోనే చెప్తారు ఈ మాట.”

“నిజమే గదరా. సుబ్బయ్య మామ యేదైనా సరే అన్యాడని నేను వంకాయ పెడితినా?”

“అవ్వా, నువ్వు ఊరకుండు.”

“ఊరకే ఉండా నాయనా. చిక్కుడుకాయలు గిల్లుకుంటాండా.”

“చూడు మధూ. ఫోను ఇమేజి పేరు రాసింది. వద్దనుకుంటే రాయకుండానే ఉండచ్చు గదా? ఇష్టం ల్యానిదాన్ని ఎవురన్నా పేరెత్తి తలుచుకుంటారా? పేరుండాది, నాకాడ ఇమేజి ఉండాది, రెండూ కలిసినాయి, పంపినా.”

“కామాల కాడ ముక్కలు చేసినావు. ఒక్కో ముక్కలో సెమికోలన్ తర్వాత ఉండేదంతా కోసి పారేసినావు. వద్దన్న మాట పోయి వట్టి పేరు మిగిలింది. దాన్ని కావల్లని చదువుకున్యావు.”

“తెలీక అయింది.”

“తెలీకనా?”

“తెలీకనే! పని తొందరలో ఉంటి. రేపు సరిచేస్తాలే. ఆస్పత్రోళ్ళకు మాత్రం నువ్వు ఫోను చెయ్యద్దు.”

“చేస్తా. ఏసన్న మాదిరి ఇంకా ఎవురెవురు ఉండారో. వాళ్ళందరికీ నోటితో చెప్పల్ల, ఇప్పుడే.”

“చేసి చూడు. సోమవారం నుంచి ఆఫీసు గడప తొక్కవు నువ్వు.”

“తొక్కను. అంతకుముందు ఇది యేందో చెప్పు బావా.”

“యేది?”

“ఈ వరుస. అంకెలు చదివేదానికి కోడులో నేనే రాసిన వరుస. దాని ముందర రెండు గీతలు కొట్టి పనిచెయ్యకుండా ఆపినారు. ఆపినోని పేరు గూడా పక్కనే ఉండాది. చదువు. చదివేది వచ్చంటివి గదా.”

“…ఆస్పత్రి ఆయప్ప, వాళ్ళ గుర్తు, వాళ్ళ రంగులు ప్రతి ఫోనులోనూ పడల్ల అన్యాడు. టెక్స్టుగా పోతే అవేం కనపడతాయి? యాడో ఒకరిద్దరు సున్నా పెట్టుకున్యారని నేను…”

“అంటే సున్నా చూసినావు.”

“చూస్తే యేమిప్పుడు?”

“చూసినావు బావా! చూసి, ఇంతసేపూ అంకెలంటే యేందో తెలీనోని మాదిరి మాట్లాడినావు.”

“అబ్బా, పట్టుకుంటే వదలవు గదా నువ్వు! సున్నా, సున్నా, సున్నా! ఆ పొద్దు బస్టాండులో గూడా ఇదే గోల. వద్దు, వద్దు, వద్దు! మైదుకూరు బస్సు ఎక్కేవాళ్ళంతా నిలబడి చూస్తాండ్రి.”

“బస్టాండులో యేం వద్దన్యాది?”

“యేం ల్యాదవ్వా.”

“నిన్ను కాదు హర్షా. పాపా, యేం వద్దంటివి?”

“బావనే చెప్పమనవ్వా.”

“ఆఫీసు సంగతిలే. నీ చిక్కుడుకాయలు గిల్లుకో అవ్వా.”

“గిల్లింది చాలు. ఏ పొద్దు అది?”

“గుర్తు ల్యాదు.”

“నాకు గుర్తుండాది. వంటింట్లో నేను పాపను అడిగిన మర్నాడు. నీ బండి మీద దీన్ని బస్టాండులో దించివస్తానంటివి. పాప ఆ ఆకుపచ్చ చుడీదారు వేసుకోనుండె, టిఫిను డబ్బా మర్చిపోతే నేను వీధిలోకి ఉరికొచ్చి ఇస్తి. నువ్వు తిరిగొచ్చి అన్నం తినల్యా. కడుపునొప్పి అంటివి.”

“ఇప్పుడవన్నీ ఎందుకవ్వా?”

“వంటింట్లో నేనేం అడిగితి పాపా?”

“ఎవర్ని చేసుకుంటావంటివి.”

“నువ్వేమంటివి?”

“నీ ఇష్టమవ్వా, ఎవరైనా సరే, హర్ష బావ మాత్రం వద్దంటి.”

“అవును. ఈ చెవులతోనే విన్యా. మనిండ్లల్లో ఆడపిల్ల మేనబావ పేరు వట్టిగా ఎత్తదు. పేరెత్తి వద్దన్యాదంటే సిగ్గు అనుకుంటాము. నేనూ మీ తాతను అట్లే వద్దంటి, సిగ్గుకు. నీదీ అదే లెక్క అనుకోని నవ్వుకుంటా వసారాలోకొచ్చి, పిల్ల ఒప్పుకునింది అని చెప్తి.”

“నేనూ అంతే అనుకుంటి అవ్వా. అందరూ అంతే అనుకున్యారు.”

“సిగ్గనుకుంటివా నువ్వు గూడా?”

“ఆ.”

“నడి బస్టాండులో, మైదుకూరు బస్సు జనమంతా చూస్తాంటే, వద్దు వద్దని అరిచింది గూడా సిగ్గేనా?”

“అవ్వా, అది…”

“నేను చెప్తా. ఇంట్లో నేనే చెప్పి ఆపిస్తా, నువ్వు నోరెత్తి గొడవ చెయ్యద్దు అన్యాడవ్వా. ఒట్టు గూడా వేసినాడు. ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అని నేను చూస్తానే ఉంటి. చీర కొన్యారు. అయ్యవారితో ముహూర్తం పెట్టించినారు.”

“చెప్దామనే ఉంటి! అత్త ముఖం చూస్తే నోరు రాల్యా. అయినా ఇప్పుడేం మునిగిపోయింది? పెండ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి.”

“ఏసన్నకు గూడా సర్దుకునింది బావా. గ్లూకోసు ఎక్కిస్తే.”

“నోరు ముయ్యి మధూ!”

“నువ్వు ముయ్యిరా. ఫోను తియ్యి.”

“ఎందుకవ్వా?”

“షామియానా బొజ్జన్నకు కలుపు. ఆదివారం మనకు వద్దని చెప్పు.”

“నేనెందుకు చెప్పల్ల? ఒప్పుకునిందని చెప్పింది నువ్వు. నువ్వే చెప్పు.”

“నాకు తెలీక అట్లా చెప్తిరా. మీ నాయనకూ అత్తకూ నేను చెప్పుకుంటా, వాళ్ళ తిట్లూ నేనే తింటా. బొజ్జన్నకు మాత్రం నువ్వే చెప్పు. స్పీకరు పెట్టి చెప్పు. వద్దు అనే మాట నీ నోట్లోనుంచి రాంగ పాప వినల్ల.”