నొప్పి లేని బడి

తిప్పక్క అని ఒక ఈడిగోళ్ళ పిల్ల ఉండె. అమ్మ లేదు, నాయన లేడు, ఉండే తోడల్లా ఒక్క తమ్ముడు ఓబన్న. వాడు ఈతచెట్లెక్కి కల్లు గీసుకోనొస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది, లేదంటే లేదు. అట్లాటోడు ఒగరోజు మోకు తెగి చెట్టుమీంచి పడె. ప్రాణం మిగిలింది గానీ కుడిచెయ్యి విరిగె. కట్లు కట్టే మాబుసాబు వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టినాడంట. కొన్నాళ్ళకి కట్టు ఇప్పి చూస్తే ఎముకైతే అతికింది, మోచెయ్యి మాత్రం బిగుసుకపోయి అట్లే చాపుకోని నిలబడింది. మోకు పట్టేదానికి రాదు, ముద్ద నోటికాడికి రాదు. ఎడంచేత్తో తినేది మన ఇండ్లల్లో యాడుంది చెప్పండి! సాబు ఏమన్నాడంటే, "అమ్మీ, రోజూ నూనె పెట్టి రుద్ది, ఆ కీలు వదులు చేసే చెయ్యి కావల్ల. చేపిస్తే మళ్ళా చెట్టెక్కుతాడు. ఏడాది దాటిందా, నేనొచ్చినా లాభం లేదు, దేవుడొచ్చినా లాభం లేదు" అనేసి పాయె. ఆ ఊర్లో అట్లాటి చెయ్యి ఎవురికుంది? ఎవురికీ లేదు. రోజూ వచ్చి రుద్దిపొమ్మంటే పరాయోళ్ళు ఎందుకొస్తారు? అందుకని "నేనే పొయ్యి నేర్చుకోనొస్తా ఉండు రా" అనిందంట తిప్పక్క. వాడు "పో అక్కా, పక్కింటవ్వ ముద్ద పెడతాదిలే, నాకేం బయం లేదు" అన్నాడంట.

అప్పట్లో ఒళ్ళు పట్టేది నేర్పే తావులు ఆ చుట్టుపక్కల రెండే అనుకో. ఒగటి ఏటిగడ్డన ఈరమ్మ అనే ముసలామెది. బడంటే మీరనుకునే బడి గాదప్పా, మేకలదొడ్డి పక్కన ఒక చాప, అంతే. ఆయమ్మ కాడ ఆచారం ఏందంటే, నేర్చుకుంటామని ఎవురొచ్చినా ముందు ఆ చాపమీద పండుకోవల్ల. ఆయమ్మ చెయ్యి పెట్టదు. ఆయమ్మ కాడ నేర్చుకునే ఆడపిల్లోళ్ళు పెడతారు. తిప్పక్కకు నీళ్ళకడవలు మోసి మోసి మెడ పట్టేసి ఉండె, ఎడమపక్కకు తిరిగేదే లేదు. ఆ పిల్లోళ్ళు ఆ నరం యాడుందో ఎతికి పట్టుకోని బొటనేలితో అదిమినారు సూడు, "సచ్చినా దేవుడో" అని కేకపెట్టె. ఇంకోపిల్ల తలకాయ పట్టుకోని లాగె. ఈరమ్మ వాకిట్లో ఆకూవక్కా నములుకుంటా, "అరువు తల్లీ అరువు, అరిస్తేనే వదిలేది" అంటాదంట. తిప్పక్కకు కండ్లల్లో నీళ్ళు బొటబొటా కారె. లేసి కొంగు దులుపుకోని, "మీ చేతులిరగ, మీరు మనుషులా రాచ్చసులా" అని నోటికొచ్చినట్ల తిట్టి వచ్చేసె. నవ్వద్దండి, మీరైనా అంతే చేస్తారు.

ఆ పొద్దే మాపటేళకి కోటవీధిలో చిదంబరయ్య బడికి పాయె. మేయ్ సుభద్రా, నువ్వూ తిరుపతిలో మాలీసు నేర్పే బడికి పోతానంటివే, చెవులు ఈడ పెట్టు. ఆ బడి చూడల్ల మీరు! నున్నని అరుగులు, ఇత్తడి గంగాళాల్లో నూనెలు, అడుగుపెడితే గుమ్మని వట్టివేళ్ళ వాసన. పెద్దపెద్దోళ్ళు వరసగా పండుకోని గురక పెడతాండారంట. చిదంబరయ్య "రా తల్లీ, ఎండనబడి వచ్చినావు" అని చల్లనీళ్ళిచ్చి, "అరచెయ్యి చాపు" అన్నాడంట. ఆ అరచేతిని రోంతసేపు నిమిరినాడో లేదో, తిప్పక్క స్తంభానికి ఆనుకోని అట్లే కునుకు తీసె. ఆయప్ప నవ్వి, "మా కాడ నొప్పి అనే మాటే ఉండదమ్మా" అన్నాడు. తెల్లారి అరుగుమీద లేసి చూస్తే ఏమైందంటే, మెడ ఇటూ తిరుగుతాంది, అటూ తిరుగుతాంది! "అబ్బ, అరచెయ్యి పడితేనే మెడ వదిలె, ఏం చెయ్యిరా సామీ" అనుకునె. చూసినారా లోకం తీరు? నొప్పి పెట్టినోళ్ళది పాపం, హాయి పెట్టినోడిది పుణ్యం. ఏటిగడ్డ పిల్లోళ్ళు మనసు పెట్టి తలకాయ లాగి మెడ వదిలిస్తే, పేరు కోటవీధికి పాయె. ఇంక ఆలోచన యాడిది, నూనెకుండలో చెయ్యి ముంచి "గురువు సెలవిచ్చేదాకా గడప దాటను" అని ఒట్టేసి చేరిపాయె.

ఆ బడిలో చదువు పాదాలకాడ మొదలు. పాదాలు కుదిరితేగానీ పిక్కలకు పోనీరు, పిక్కలు కుదిరితేగానీ నడుముకు పోనీరు. చేతులు అన్నిటికన్నా కడాన. తిప్పక్క పొయ్యింది మోచేతికోసరం, ఆ మోచెయ్యి చూస్తే కడాన ఉండాది! "అయ్యా, నాకు మోచెయ్యొగటి చెప్పియ్యండి, మా తమ్మునికి పొద్దు లేదు" అని కాళ్ళు పట్టుకునిందంట. "వరస తప్పితే విద్య అబ్బదమ్మా" అని ఆయప్ప కోపం లేకుండానే చెప్పె. వానలు పాయె, చలి పాయె, ఈమె ఇంకా షావుకార్ల నడుములకాడే ఉండాది. ఉప్పు అమ్మేటోడు ఒకడు వాళ్ళ ఊరికల్లా పోతావుంటే తమ్మునికి మాట చెప్పి పంపిచ్చె. "ఇది బలే బడి రా, ఈడ నొప్పే ఉండదు, నేనొచ్చేదాకా ఎవురిచేతా చెయ్యి పట్టిచ్చుకోవద్దు" అని. ఎందుకు చెప్పి పంపిచ్చెనో గానీ, ఆ మాటే కొంపముంచె.

అదెట్లంటే, అప్పుడే వాళ్ళ ఊర్లో ఒక బాలింతకు నీళ్ళు పోసేదానికి ఈరమ్మ కాడ నేర్చుకున్న పిల్ల ఒగతి వచ్చి ఉండె. ఓబన్న చెయ్యి చూసి, "అన్నా, ఇంకా వదిలే చెయ్యే ఇది. నేనీడ ఉండే నెలా రోజూ లాగుతా, కూకో" అని పట్టుకునె. వాడు ఒక్క అరుపు అరిచి చెయ్యి ఇడిపిచ్చుకోని, "పోమ్మా పో, మా అక్క వస్తాది. మా అక్క చేతికింద నొప్పుండదు" అనె. ఆ పిల్ల మళ్ళా మళ్ళా వచ్చి అడిగిందంట. వాడు తలుపేసుకునె. నెల కాంగానే ఆ పిల్ల తన దావన తాను పాయె.

ఈడ కోటవీధిలో కడాకు మోచెయ్యి వచ్చె. గురువు మీంచి కిందికి, కిందినుంచి మీదికి మెత్తగా నిమిరేది చూపిచ్చె. తిప్పక్క అంతా చూసి, "అయ్యా, ఇది సరే. వంగని మోచేతిని వంచేదెట్ల?" అని అడిగె. ఆయప్ప దిగులుగా చూసి, "వంచేదా? అది మొరటోళ్ళ పని గదమ్మా. ఆ పని మా తాతకూ రాదు, నాకూ రాదు. నొప్పి ఉండదని నేను మొదటి దినమే చెప్తి గదా, నువ్వు ఇష్టపడే చేరితివి గదా" అన్నాడంట. తిప్పక్క ఆ పొద్దే సెలవడిగి బయటపడె.

ఇంటికొచ్చేసరికి సాబు పెట్టిన గడువు దాటిపొయ్యుండాది. ఓబన్న అరుగుమీంచి లేసి ఎదురుగా ఉరికొచ్చె. "అక్కొచ్చె, మా అక్కొచ్చె" అని వీధంతా చెప్పుకునె. సాబు వచ్చి మోచెయ్యి పట్టి చూసి, తిప్పక్క మొగం చూడలేక, "ఇంక ఇంతేనమ్మా" అనేసి పాయె. ఓబన్న నమ్మలే. "సాబుకేం తెలుసు అక్కా, నువ్వు పట్టు" అని నూనెగిన్నె తెచ్చి ముందర పెట్టె. తిప్పక్క ఏడుపు మింగి, తనకొచ్చిన విద్యంతా ఆ చేతిమీద పెట్టె. వాడు కండ్లు మూసుకోని, "ఎంత హాయిగా ఉంది అక్కా! నిజంగా మంచి బడికే పోయినావు" అని, అక్క ఒళ్ళో అట్లే నిద్రపాయె. చెయ్యి మాత్రం కట్టె మాదిరి అట్లే నిలబడుండాది. ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకోని కూకునిందంట, ఎక్కడ వాడు లేస్తాడో అని.

మా అవ్వ ఈ కత చెప్పినప్పుడంతా చిదంబరయ్యను వంశం ఎత్తి తిట్టేది. నేను తిట్టను. ఆయప్ప ఒక్క అబద్ధమన్నా ఆడినాడా? నొప్పుండదన్నాడు, ఉండలే. ఆ మాట ఇంటానే మనకు కండ్లు మూతలు పడితే, తప్పు ఆయప్పదా? తిప్పక్కకేం, పేరొచ్చె. రెడ్లిండ్లకు, శెట్లిండ్లకు పిలిపిచ్చుకోని ఒళ్ళు పట్టిచ్చుకుంటాండ్రి, బువ్వకు లోటు లేదంట. ఆ బువ్వ కలిపి ముద్దలు చేసి తమ్ముని నోట్లో పెడతాండె, వాడు బతికినన్నాళ్ళూ. మంచి చెయ్యి, ఒగ మెతుకు కింద పడేది కాదంట.